మంచం పట్టిన మనిషితో మాట: గౌరవం ఎక్కడ పోతుంది, ఎలా నిలుస్తుంది

వార్డులో రౌండ్స్ జరుగుతున్నాయి. మంచం మీద ఉన్న పెద్దాయన మెలకువగానే ఉన్నాడు, చూపు డాక్టర్ మీదే ఉంది. డాక్టర్ మాత్రం పక్కన నిలబడ్డ కూతుర్ని అడుగుతాడు: "రాత్రి నిద్రపోయారా? మోషన్ అయిందా?" ఆమె జవాబు చెబుతుంది. డాక్టర్ తలూపి, ఫైలు తిరగేసి, "సాయంత్రం మళ్లీ చూద్దాం" అని పక్క మంచం దగ్గరికి వెళ్తాడు. ఇక్కడ ఎవరూ ఎవర్నీ అవమానించలేదు. మాట కూడా మర్యాదగానే ఉంది. అయినా తన నిద్ర సంగతి, తన కడుపు సంగతి వేరొకరు చెబుతుంటే వింటూ పడుకోవాల్సి వచ్చింది ఆయన.

జబ్బులో గౌరవం పోవడం అనగానే కసుర్లు, ఈసడింపులు గుర్తొస్తాయి. అవి లేవని ఎవరూ అనరు. అయితే వాటిని గుర్తుపట్టడం తేలిక, ఖండించడం ఇంకా తేలిక. ప్రేమతో, హడావిడిలో, అలవాటుగా అనే మామూలు మాటలు అంత తేలిగ్గా దొరకవు. వాటిని పట్టుకోవాలంటే ఒక ప్రశ్న పనికొస్తుంది: ఈ వాక్యంలో ఆ మనిషి ఎక్కడున్నాడు?

మంచాన పడ్డ మనిషిని చూసుకునేవాళ్లు రోజెలా గడిచిందో చెప్పేటప్పుడు వాడే క్రియలు చూడండి. లేపాం, కూర్చోబెట్టాం, మొహం కడిగాం, స్నానం చేయించాం, తినిపించాం, మందులు వేశాం, పడుకోబెట్టాం. పొద్దున్నుంచి రాత్రి దాకా ఒక్క వాక్యంలోనూ ఆ మనిషి కర్తగా లేడు. ఏడాది పిల్లాడి గురించి చెప్పినా సరిగ్గా ఇవే క్రియలు వస్తాయి. ఇందులో చెప్పేవాళ్ల తప్పేం లేదు, జరిగిన పని అదే కాబట్టి అలాగే చెబుతారు. ఇక ఇదే మనిషి కర్తగా కనిపించే వాక్యాలు ఏవో వెతికితే ఇవి దొరుకుతాయి: పక్క తడిపేశారు, నీళ్లు ఒంపేసుకున్నారు, తినకుండా మొండికేస్తున్నారు, మాట వినడం లేదు. అంటే చేసిన పనుల్లో వాటా లేదు, తప్పుల్లో మాత్రం పూర్తి వాటా. "దుప్పటి తడిసింది" అన్నా "దుప్పటి తడిపేశారు" అన్నా మార్చాల్సింది అదే దుప్పటి. వినేవాళ్ల మీద మాత్రం ఈ రెండు వాక్యాలూ ఒకేలా పనిచేయవు.

దీర్ఘకాల సంరక్షణలో నైతిక ప్రశ్నల మీద పనిచేసిన బార్ట్ కొలోపీ 1988లో ఇక్కడ అక్కరకొచ్చే ఒక తేడా చూపించాడు. నిర్ణయించుకోగలగడం వేరు, ఆ నిర్ణయాన్ని సొంతంగా అమలు చేసుకోగలగడం వేరు. చేతులు వణికి గుండీలు పెట్టుకోలేని మనిషికి ఏ చొక్కా వేసుకోవాలో బాగానే తెలుసు. అమలు చేసే శక్తి పోయినప్పుడు, నిర్ణయించే హక్కు కూడా దాంతోపాటే పోయిందని చుట్టుపక్కలవాళ్లు తెలియకుండానే అనుకుంటారు. ఈ మార్పు ఏ కాగితం మీదా జరగదు. రోజువారీ మాటల్లో జరిగిపోతుంది.

దీన్ని కాస్త దగ్గర్నుంచి చూద్దాం. పక్కబట్ట మార్చాలి. మనిషి సొంతంగా తిరగలేని స్థితి. ఇద్దరు వచ్చారు. "అటు తిప్పు. ఊఁ, పట్టుకో. రేపు నీకు నైట్ డ్యూటీనా? ఇప్పుడు ఇటు. అయిపోయింది." నాలుగు నిమిషాల్లో పని పూర్తయింది, శుభ్రంగానే అయింది. ఇదే పని ఇంకోలా: "పక్కబట్ట మార్చాలండీ. ముందు ఎటు తిరుగుతారు? ఎటైతే నొప్పి తక్కువ? సరే, కుడి వైపు. నా చెయ్యి చల్లగా ఉంటుంది, నడుం కింద పెడుతున్నా. చాలా? ఇంకొంచెమా?" దీనికీ అదే నాలుగు నిమిషాలు. పైగా ఏ వైపు తిరిగితే నొప్పి తక్కువన్నది ఆ ఒంట్లో ఉన్న మనిషికే తెలుసు కాబట్టి, అడగడం మర్యాద మాత్రమే కాదు, పనికి కావాల్సిన సమాచారం కూడా. తన ఒంటి మీద తర్వాత ఏ చెయ్యి ఎక్కడ పడబోతుందో ముందే తెలియడం ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు చిన్న విషయం. తిరగలేని మనిషికి అది రోజులో సగం.

అలాగని ప్రతిదాన్నీ ప్రశ్నగా మార్చేస్తే సరిపోతుందనుకోవడం ఇంకో పొరపాటు. "ఇంజెక్షన్ చేయించుకుంటారా?" అని అడిగి, వద్దంటే "అలా అంటే ఎలా, చేయించుకోవాలి" అనేస్తే అది అడగడం కాదు. వద్దనే అవకాశం నిజంగా లేనిచోట అడగకపోవడమే నిజాయితీ. "ఇంజెక్షన్ టైం అయింది. ఏ చేతికి చేయమంటారు?" అన్నప్పుడు ఎంపిక చిన్నదే, కానీ అసలైనది.

"మనం ఇప్పుడు స్నానం చేద్దామా?" అనే మాట కూడా ఈ కోవలోదే. ఆ స్నానం చేసేది ఒక్కరేనని ఇద్దరికీ తెలుసు. కలుపుగోలుగా అనాలనే ఆ "మనం" వస్తుంది. పనిలో తోడుంటానని అర్థమైతే బాగానే ఉంటుంది. మనిషిని బుజ్జగించి ఒప్పించే ఎత్తుగా వినిపిస్తే మాత్రం చిన్నపిల్లల బడి గుర్తొస్తుంది. గొంతు పైకెత్తి, పదాలు సాగదీసి, "అబ్బో, ఎంత బుద్ధిగా తినేశామో!" అని ముసలివాళ్లతో మాట్లాడే ఈ తీరు మీద పరిశోధనలు చాలానే జరిగాయి. అమెరికాలోని క్యాన్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన నర్సింగ్ పరిశోధకురాలు క్రిస్టీన్ విలియమ్స్ బృందం డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన క్షీణించే జబ్బు) ఉన్న 20 మందికి సంరక్షణ పనులు చేస్తున్నప్పటి వీడియోలను పరిశీలించి 2009లో ఫలితాలు ప్రచురించింది. సిబ్బంది మామూలుగా మాట్లాడినప్పుడు వాళ్లు ఎదురుతిరిగే సంభావ్యత 0.26. పసిపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడినప్పుడు అది 0.55. అంటే రెట్టింపు దాటింది. తోసేయడం, మొహం తిప్పుకోవడం, అరవడం లాంటివన్నీ "జబ్బు లక్షణాలు" అని రాసుకుంటాం. వాటిలో కొన్నయినా తమతో మాట్లాడిన తీరుకు జవాబులు కావచ్చు. జ్ఞాపకం చెదిరిన మనిషికి వాక్యం అర్థం జారిపోవచ్చు, గొంతులోని చులకన మాత్రం అందుతుంది.

ముద్దు పిలుపులన్నీ చెడ్డవని దీనర్థం కాదు. నలభై ఏళ్లు కాపురం చేసిన భర్త పిలిచే పిలుపు, పొద్దున డ్యూటీకి వచ్చిన అపరిచితుడి నోట అదే పిలుపు ఒకటి కావు. ఏ పిలుపు ఎవరికి చెల్లుతుందో నిర్ణయించాల్సింది పిలిపించుకునే మనిషి. "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అని మొదటి రోజే అడిగేస్తే ఈ చర్చ చాలావరకు తీరిపోతుంది. పిలిచేవాళ్ల పేరు సంగతీ అంతే. బ్రిటన్‌లో వృద్ధుల వైద్యురాలిగా పనిచేసిన కేట్ గ్రేంజర్‌కు 2011లో క్యాన్సర్ బయటపడింది. 2013లో తానే ఆస్పత్రిలో చేరినప్పుడు, తన దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది తమ పేరు కూడా చెప్పడం లేదని ఆమె గమనించారు. "హలో, నా పేరు ఫలానా" అని చెప్పి పని మొదలుపెట్టండి అంటూ ఆమె మొదలెట్టిన ప్రచారం ఆ దేశంలో ఎన్నో ఆస్పత్రులకు పాకింది. 2016లో ఆమె చనిపోయినా అది ఆగలేదు. ఇంత చిన్న మాటకు ప్రచారం కావాల్సి వచ్చిందంటేనే అసలు పరిస్థితి ఏమిటో తెలుస్తుంది.

ఇదంతా మనుషుల దుర్మార్గం కాదని గట్టిగా చెప్పినవాడు బ్రిటిష్ మనస్తత్వవేత్త టామ్ కిట్‌వుడ్. డిమెన్షియా ఉన్నవాళ్ల మనిషితనాన్ని కోసేసే ప్రవర్తనలను 1997లో ఆయన 17గా వర్గీకరించాడు. పసివాళ్లలా చూడటం, ముద్ర వేయడం, అందుకోలేనంత వేగంగా మాట్లాడటం, ఎదురుగా ఉన్నా లేనట్టే మాట్లాడుకోవడం వాటిలో కొన్ని. చేసేవాళ్లలో చాలామంది మంచివాళ్లేనని, అది పని సంస్కృతిలో భాగంగా అబ్బుతుందని ఆయన వాదన. కొత్తగా చేరినవాళ్లు సీనియర్లు మాట్లాడే తీరే నేర్చుకుంటారు. ఇళ్లలోనూ ఇంతే, నేర్పేవాళ్లు మాత్రం ఉండరు.

ఎదురుగా ఉన్నా లేనట్టు మాట్లాడటం అన్నింటికంటే ఎక్కువ జరిగేది స్పృహ లేదనుకున్న మనిషి మంచం దగ్గర. డబ్బు లెక్కలు, "ఇంకెన్నాళ్లంటారు?" అనే ప్రశ్నలు, కొన్నిసార్లు పాత కక్షలు కూడా అక్కడే బయటికొస్తాయి. వినబడదుగా అన్న ధీమా. ఆ ధీమా ఎంత బలహీనమైనదో 2006లో మెదడు శాస్త్రవేత్త ఏడ్రియన్ ఓవెన్ బృందం చూపించింది. అచేతన స్థితిలో ఉన్న 23 ఏళ్ల యువతిని ఎంఆర్ఐ స్కానర్‌లో ఉంచి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమన్నారు. ఆరోగ్యవంతులు అదే ఊహించుకున్నప్పుడు మెదడులో ఏ భాగం చురుగ్గా ఉంటుందో ఆమెలోనూ అదే భాగం చురుగ్గా కనిపించింది. అది ఒక్క కేసే కదా అనుకోవడానికి వీల్లేకుండా 2024లో పెద్ద అధ్యయనం వచ్చింది. ఆదేశాలకు పైకి ఏ స్పందనా చూపని 241 మందిని పరీక్షిస్తే 60 మంది మెదళ్లు ఆ ఆదేశాలను పాటిస్తున్న ఆనవాళ్లిచ్చాయి. నలుగురిలో ఒకరు. ఆ నలుగురిలో ఆ ఒక్కరు ఎవరో మంచం పక్కన నిలబడి చెప్పడం కుదరదు. కాబట్టి అందరి దగ్గరా వింటున్నారనుకుని మాట్లాడటమే దారి: వచ్చింది ఎవరో చెప్పడం, ముట్టుకునే ముందు చెప్పడం, లెక్కల మాటలు గది బయట పెట్టుకోవడం.

నోటి మాట గాలిలో కలిసిపోతుంది. కేస్ షీట్‌లో పడిన మాట అలా పోదు, షిఫ్టు మారిన ప్రతిసారీ కొత్త మనిషి చేతికి అందుతుంది. అమెరికాలో 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో 413 మంది వైద్య విద్యార్థులకు, శిక్షణలో ఉన్న రెసిడెంట్ డాక్టర్లకు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తపు జబ్బుతో నొప్పి పడుతున్న ఊహాజనిత రోగి గురించిన నోట్ ఇచ్చారు. వైద్య సమాచారం ఒకటే, రాతే రెండు రకాలు. కొందరికి తటస్థంగా రాసిన నోట్, కొందరికి రోగి మీద అనుమానం, విసుగు ధ్వనించే నోట్. రెండోది చదివినవాళ్లకు రోగి మీద చిన్నచూపు ఏర్పడింది, నొప్పి మందు కూడా తక్కువ రాశారు. ఒక డాక్టర్ విసుగు ఇంకో డాక్టర్ ప్రిస్క్రిప్షన్‌లోకి దిగిందన్నమాట. గౌరవం అనేది మనసుకు సంబంధించిన సున్నితమైన వ్యవహారమని, వైద్యానికి దాంతో పని లేదని అనుకునేవాళ్లకు ఈ ఒక్క ఫలితం చాలు.

కేంబ్రిడ్జ్‌లో పనిచేసే వైద్యులు కేట్రియోనా కాక్స్, జోయి ఫ్రిట్జ్ 2022లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసిన వ్యాసం కూడా ఇలాంటి రాతనే పట్టుకుంది. నొప్పి ఉందని రోగి చెబితే "ఫిర్యాదు చేస్తున్నాడు" అని, దగ్గు లేదని చెబితే "కాదని బుకాయిస్తున్నాడు" అనిపించేలా రాసే అలవాటు వైద్య ఇంగ్లిష్‌లో ఉంది. మందు పనిచేయకపోతే మందు విఫలమైందనరు, ఆ చికిత్సలో రోగి ఫెయిలయ్యాడని రాస్తారు. పైన చూసిన తడిపేశారు, మొండికేశారు లాంటి వాక్యాల వరసే ఇది: మనిషిని కర్తను చేసేది తప్పు మోపడానికే. అమెరికాలో నర్సింగ్ హోమ్‌ల (అక్కడ ఇవి దీర్ఘకాల సంరక్షణ కేంద్రాలు) తనిఖీకి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే మార్గదర్శకాలు ఇంకాస్త ముందుకెళ్లాయి. తినిపించాల్సిన అవసరం ఉన్నవాళ్లను "ఫీడర్లు" అని పిలవడం లాంటి ముద్రలు గౌరవానికి భంగమని అక్కడ స్పష్టంగా రాసుంది. బెడ్ నంబరుతోనో జబ్బు పేరుతోనో మనుషుల్ని ప్రస్తావించడం కూడా అలాంటిదే. "నాలుగో బెడ్ గొడవ చేస్తోంది" అంటే ఆ బెడ్ మీద ఎవరున్నారో చూడాలని ఎవరికి అనిపిస్తుంది?

జబ్బు పేరే అడ్డంకైన సందర్భాలూ ఉన్నాయి. జపాన్‌లో స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక జబ్బుకు ఉన్న పాత పేరుకు "మనసు చీలిపోయిన జబ్బు" అనే అర్థం వచ్చేది. ఆ పేరు చెప్పలేక చాలామంది డాక్టర్లు రోగికి రోగమేమిటో చెప్పడమే మానేసేవాళ్లు. 2002లో పేరు మార్చాక మూడేళ్లలో, తమ జబ్బు పేరు తెలిసిన రోగుల శాతం 36.7 నుంచి 69.7కి పెరిగింది. 2004లో అదే దేశం డిమెన్షియా పేరును కూడా మార్చింది, పాతదానిలో తెలివితక్కువతనాన్ని సూచించే అక్షరం ఉండేది. పేరు మారితే జబ్బు నయం కాదు. తన జబ్బు గురించి తనతో మాట్లాడటానికి మాత్రం వీలు కుదిరింది.

క్యాన్సర్ చుట్టూ ఉండే యుద్ధ భాష మీద ఇప్పటికే బోలెడు చర్చ జరిగింది, ఇక్కడ క్లుప్తంగా చాలు. పోరాడాలి, గెలవాలి అన్న మాటలతో ఊపిరి పోసుకునేవాళ్లు ఉన్నారు. చివరికి "పోరాడి ఓడిపోయారు" అని రాసినప్పుడు మాత్రం కణాల ప్రవర్తనకు మనిషిని బాధ్యుణ్ని చేసినట్టవుతుంది. ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయంలో ఎలీనా సెమినో బృందం ఆఖరి దశలో ఉన్నవాళ్లు, వాళ్లను చూసుకునేవాళ్లు, వైద్యులు వాడే భాషను పెద్ద ఎత్తున పరిశీలించింది. యుద్ధమైనా, ప్రయాణమైనా ఏ పోలికా దానంతటది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు, ఆ మనిషికి అది బలమిస్తుందా, నీరసపరుస్తుందా అన్నదే ముఖ్యమని తేల్చింది. రోగి యుద్ధమంటే యుద్ధమనండి. రోగి అనకముందే కత్తి చేతికివ్వకండి.

యుద్ధం కంటే ఎక్కువ గాయం చేసే వాక్యం ఇంకొకటుంది: "ఇక మేం చేయగలిగిందేమీ లేదు." చెప్పేవాళ్ల ఉద్దేశం, జబ్బును తగ్గించే మందు లేదని. వినేవాళ్లకు అందేది, ఇకపై మీరు మా పని కాదని. బ్రిటిష్ వైద్యురాలు సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (ఆఖరి దశ రోగుల సంరక్షణ కేంద్రం) తెరిచింది సరిగ్గా ఈ వాక్యం తర్వాత మిగిలే మనుషుల కోసమే. నొప్పి, ఆయాసం, నిద్ర, భయం, బాధ్యతల అప్పగింతలు... చేయాల్సినవి చాలానే ఉంటాయి. "జబ్బు మీద ఇక మందు పనిచేయదు. నొప్పి మాత్రం రానివ్వం, రేపు మళ్లీ వస్తాను" అంటే నిజం ఏమాత్రం తగ్గలేదు, మనిషి మాత్రం గదిలో ఒంటరిగా మిగల్లేదు.

ఇప్పటిదాకా రోగితో, రోగి గురించి ఇతరులు అనే మాటలే చూశాం. రోగి నోట వచ్చే మాటలూ ఉన్నాయి. "మీకు ఎంత ఇబ్బంది పెడుతున్నానో." "ఎవరికీ భారం కాకుండా పోతే చాలు." అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఆఖరి దశ రోగులు డాక్టర్ సాయంతో మరణాన్ని ఎంచుకునే చట్టం 1997 నుంచి అమల్లో ఉంది. అలా ఎంచుకున్నవాళ్ల కారణాలను వాళ్ల డాక్టర్ల ద్వారా సేకరించి అక్కడి ప్రభుత్వం ఏటా ప్రచురిస్తుంది. సొంత అధీనం పోవడం, ఇష్టమైన పనులు చేయలేకపోవడం, గౌరవం పోవడం ఎప్పుడూ ముందు వరసలో ఉంటాయి. నొప్పి వాటి తర్వాతే. కాబట్టి భారం అన్న మాట వచ్చినప్పుడు అది ఏదో ఊతపదంలా దాటేయాల్సింది కాదు.

అయినా దాటేస్తాం. "ఛ, అలా అనకండి" అంటాం. ప్రేమతోనే అంటాం, ఆ మాట వినడం మనకు కష్టం కాబట్టి కూడా అంటాం. దాంతో సంభాషణ అక్కడికి ఆగిపోతుంది. చూసుకునేవాళ్ల కళ్ల కింద నలుపు రోగికి కనిపిస్తూనే ఉంటుంది, "నాకేం కష్టం లేదు" అన్నది అబద్ధమని తెలుస్తూనే ఉంటుంది. "అవును, ఒక్కోరోజు బాగా అలసిపోతున్నా. అయినా మీ దగ్గరే ఉండాలని ఉంది. మీకు ఏ పని చేయించుకోవడం ఎక్కువ ఇబ్బందిగా ఉంది?" అని అడిగితే నిజమైన జవాబు వస్తుంది. స్నానం కొడుకు చేత వద్దు, నర్సు చేత పర్వాలేదు అనొచ్చు. బాత్రూమ్ తలుపు సగమైనా వేయమనొచ్చు. ఇవి తీర్చగలిగిన కోరికలే, అడిగే సందు దొరకక నెలల తరబడి లోపల ఉండిపోయినవి. నిద్ర లేక, టెన్షన్‌తో ఎప్పుడో ఒకసారి విసుక్కున్న మాటను రోగులు సాధారణంగా అర్థం చేసుకుంటారు. తమనుంచి ఎవరికీ ఏమీ అక్కర్లేదన్న భావన మాత్రం అంత తేలిగ్గా పోదు.

కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన సైకియాట్రిస్టు హార్వీ చోచినోవ్ దశాబ్దాలుగా పనిచేసింది ఈ భావన మీదే. 2002లో ఆయన బృందం ఆఖరి దశ క్యాన్సర్ ఉన్న 213 మందిని అడిగితే, గౌరవం పోయిందన్న బాధ తీవ్రంగా ఉందన్నవాళ్లు 16 మంది. అంటే ఒంట్లో శక్తి పోతే గౌరవం తప్పనిసరిగా పోతుందనేం లేదు. ఎదుటివాళ్లు తనను ఎలా చూస్తున్నారని రోగి అనుకుంటున్నాడో దానికీ, గౌరవ భావనకూ గట్టి ముడి ఉందని ఆయన తర్వాతి పని చూపింది. డాక్టర్లకు ఆయన సూచించిన ప్రశ్న ఒక్కటే: "మీకు బాగా వైద్యం చేయాలంటే, ఒక మనిషిగా మీ గురించి నేను తెలుసుకోవాల్సింది ఏమిటి?" జవాబును ఫైలులో రాస్తే, తర్వాత వచ్చేవాళ్లకు స్కాన్ రిపోర్టుతోపాటు ఒక మనిషీ కనిపిస్తాడు.

ఆయన రూపొందించిన "డిగ్నిటీ థెరపీ"లో రోగి తన జీవితంలో ముఖ్యమైనవి, తనవాళ్లకు చెప్పాలనుకున్నవి గంటలోపు మాట్లాడతాడు. దాన్ని రికార్డు చేసి, రాసి, చక్కదిద్దుతారు. 2005లో కెనడా, ఆస్ట్రేలియాల్లో 100 మందితో చేసిన అధ్యయనంలో 76 శాతం మంది తమ గౌరవ భావన పెరిగిందన్నారు. 2011లో దీన్ని వేరే పద్ధతులతో పోల్చి చూసినప్పుడు మానసిక బాధ కొలతల్లో స్పష్టమైన తేడా కనబడలేదు, రోగులు మాత్రం ఇది తమకు ఎక్కువ ఉపయోగపడిందనే చెప్పారు. కాబట్టి ఇది బాధను పోగొట్టే మందేమీ కాదు. ఇందులో గమనించాల్సింది చివరి మెట్టు. రాసినదంతా ఇంట్లోవాళ్లకు చేరేముందు రోగికే చదివి వినిపిస్తారు. ఆ మాట అలా కాదు, ఇలా ఉండాలంటే మారుస్తారు. ఒక పేరా తీసేయమంటే తీసేస్తారు.